నాలుగో జ్వరం నాటి పూలు

పుంగనూరు ఫోటో స్టూడియోలో మా అమ్మకు మల్లెపూలు పెట్టారు. అమ్మ పోయి ఏడాది కావస్తుంటే, సంవత్సరీకానికి గోడ మీద పెద్ద పటం ఉండాలని నాయన ఆమె ఆధార్ ఫోటోను అక్కడ ఇచ్చి పెద్దది చేయించాడు. నేను బెంగుళూరు నుంచి వచ్చేసరికి పటం మేకుకు వేలాడుతోంది. చీర అంచుకు జరీ వచ్చింది, బొట్టు పెద్దదయింది, వెనక నీలి ఆకాశం వచ్చింది. వాటికి నాకు అభ్యంతరం లేదు. కానీ చెవుల వెనక నుంచి రెండు భుజాల మీదికి మల్లెదండలు జారుతున్నాయి. ఒక పక్క దండనే తిరగేసి రెండో పక్క అతికించారు. దగ్గరికి పోయి చూస్తే పూల నీడ ఒక వైపుకు, అమ్మ ముఖం మీది నీడ ఇంకో వైపుకు పడింది.

"పూలు ఎవరు పెట్టమన్నారు నాయనా?"

"నేనే చెప్పినా. ముత్తైదువగా పోయిన మనిషి. బోసిగా ఉంటే సూసేవాళ్ళు ఏమనుకుంటారప్పా?"

పెళ్ళి ఫోటో వదిలేస్తే అమ్మ పూలతో ఉన్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఆమె పూలు ఎప్పటినుంచి మానేసిందో నాకు తెలుసు. నాయనకు నాకంటే బాగా తెలుసు. ఏ పూలు, ఏ కొండ మీద, ఎవరి చేత్తో పెట్టుకున్నాక మానేసిందో మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పటం కింద నిలబడి మేం సంవత్సరీకానికి ఎంతమందిని పిలవాలన్న విషయమే మాట్లాడుకున్నాం.

మాది పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ ఒక మెట్ట ఊరు. నా చిన్నతనంలో ఇంటి వెనక మట్టిగోడల పొడవాటి కొట్టం ఉండేది. దాన్ని పురుగులిల్లు అనేవాళ్ళం. అందులో పట్టుపురుగులను పెంచేవాళ్ళం. నాయన, చిన్నాయన ఉమ్మడిగా చేసేవాళ్ళు గానీ ఆ ఇంటికి అధికారి మా అవ్వ, అంటే నాయన తల్లి. వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, లోపలికి పోయే ప్రతి మనిషినీ వాసన చూసి పంపేది. బీడీ తాగినవాళ్ళు, పౌడరు పూసుకున్నవాళ్ళు, ఊదుబత్తి వెలిగించి వచ్చినవాళ్ళు, తాలింపు పొగ తగిలినవాళ్ళు, పూలు పెట్టుకున్నవాళ్ళు, వీళ్ళెవరికీ లోపలికి ప్రవేశం లేదు. తన పొగాకు కాడను కూడా ఆ నెలంతా అటక మీద పెట్టేసేది, ఆ చిరాకంతా మా మీద చూపించేది. ఒకసారి నేను స్నానం చేసి కొత్త సబ్బు వాసనతో వస్తే, "పెండ్లికొడుకు వచ్చినాడు, పురుగులకి పీటలెయ్యండమ్మా" అని చెయ్యి పట్టి వెనక్కి తోసింది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కోసిన మల్బరీ ఆకు పచ్చివాసన, తడి గోనెపట్టాలు, సున్నం, పేడ అలికిన వెదురు తట్టలు, వాటన్నిటి అడుగున పురుగుల రెట్ట వాసన. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. అమ్మ మాత్రం అందులోకి అడుగు పెట్టగానే నెమ్మదించేది. ఆమె నడక మారేది, గొంతు తగ్గేది. ఆకు సన్నంగా తరిగి చల్లుతూ పురుగులతో ఏదో ఒకటి చెప్పుకునేది, పక్కింటి కోడలి సంగతి, నా లెక్కల మార్కుల సంగతి. అవ్వ కూడా, "దీని చెయ్యి పడితే పురుగు కడుపు నిండతాదిలే" అనేది. అవ్వ నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

పురుగు పెరిగే కాలంలో నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండి, కుబుసం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం పెద్దది. దాని తర్వాత పురుగు విపరీతంగా తిని గూడు కడుతుంది. ఆ జ్వరం పట్టినప్పుడు ఆకు కోసే పని లేదు, తరిగే పని లేదు, తట్టలు శుభ్రం చేసే పని లేదు. తట్టల మీద సున్నం చల్లి, గాలి ఆడేటట్టు చూస్తే చాలు. మా ఇంటి పంచాంగంలో సెలవు అంటే అదొక్కటే. పండగ రోజైనా పురుగులు తింటాయి, పెళ్ళి రోజైనా తింటాయి. కాబట్టి ఎండాకాలం పంటలో నాలుగో జ్వరం వచ్చినప్పుడు మేము తుమ్మెదల కొండ ఎక్కేవాళ్ళం. ఊరికి పడమరగా ఉంటుంది ఆ కొండ. వేసవిలో మొదటి వాన పడ్డాక దాని మీద పూలు విరగబూస్తాయి.

నేను ప్రైమరీ స్కూలు దాటిన ఎండాకాలం అది. కొండకు పోయే ముందు రోజు ఆకు పని లేక నాయనకు చేతులు ఖాళీగా ఉన్నాయి. మల్బరీ తోటకు గట్టు అవతల మా టమోటా చేనుంది. ఆకుముడత పడుతోందని ఆయన వారం నుంచీ నస పెడుతున్నాడు. చిన్నాయన మధ్యాహ్నం భోజనాల దగ్గర గట్టిగానే చెప్పాడు.

"అన్నా, పురుగు ఇంట్లో ఉండంగా గట్టు పక్క మందు కొట్టొద్దు. గూళ్ళు దించినాక కొడదాం."

"సరేలేరా, నాకు తెలీదా" అన్నాడు నాయన.

ఆ సాయంత్రం నేను మోటారు కొట్టం దగ్గర ఆడుకుంటుంటే, నాయన వీపున స్ప్రేయరు వేసుకుని టమోటా సాళ్ళలో నడుస్తూ కనిపించాడు. గాలి మల్బరీ వైపుకు వీస్తోంది. తువ్వాలు మూతికి కట్టుకున్నాడు. అప్పుడు నాకు అది నాయన రోజూ చేసే పనుల్లో ఒకటి, అంతే.

మర్నాడు చీకటితోనే అమ్మ, నాయన, నేను కొండకు బయలుదేరాం. అవ్వ, చిన్నాయన పురుగులకు కాపలా ఉన్నారు. చిత్రాన్నం మూట, ఊరమిరపకాయలు, మజ్జిగ సీసా, ఒక దుప్పటి. మజ్జిగ సీసా మోయడం నా పని. కొండ కింద తంగేడు, కొంచెం పైన రేల చెట్లు పచ్చటి గుత్తులతో, బండల సందుల్లో కలే పొదల తెల్లటి పూలు, పాలకొడిశ, పేరు తెలియని ఊదారంగు నేల పూలు. పేరు తెలిసినవన్నీ వరసగా చెప్పమని అమ్మ నన్ను అడిగేది, తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి. వరసలు కట్టే నా అలవాటుకు మొదలు అదేనేమో.

అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని మేక పిల్లలా ఎక్కేది. నాయన ఆగి ఆగి వచ్చేవాడు.

"ఏమయ్యా, టమోటా గంపలు మోసేవాడివి, నీ పొట్ట నువ్వు మోసేదానికి ఇంత ఆయాసమా?" అంది అమ్మ పైబండ మీద నుంచి.

"గంపకి బాడిగ ఇస్తారు. దీనికెవురిస్తారు?" అన్నాడు నాయన కింద నుంచి. అమ్మ నవ్వు కొండకు తగిలి తిరిగొచ్చింది.

కొండ నెత్తిన చదునైన బండ, దాని గుంటలో వాన నీళ్ళు, చుట్టూ అడవిమల్లె పొదలు ఉండేవి. ఉత్తరాన దూరంగా మదనపల్లె అవతలి కొండలు నీలంగా కనిపించేవి. తిన్నాక అమ్మ బండ మీద నడుం వాల్చింది. నాయన మల్లెలు కోసి, కిత్తలి మట్ట చీల్చి తీసిన నారతో వంకరటింకరగా కట్టి, లేచి కూర్చున్న అమ్మ వెనక్కి చేరాడు.

"వద్దయ్యా. మీయమ్మ ముక్కు ఊరుకుంటాదా?"

"దిగేలోపల వాడిపోతాయిలే. పురుగు జ్వరంలో ఉండాది, దానికేం తెలస్తాది. కదలొద్దు."

అమ్మ కదలలేదు. తల కొంచెం వంచింది. నాయన మొరటు వేళ్ళతో జడలో దండ తురిమాడు. ఆమె నీటిగుంట దగ్గరికి పోయి వంగి చూసుకుంది. ఆ తర్వాత అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను చూడలేదు. పెద్దయ్యాక చిన్నప్పటి సంగతులను పెంచి చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. దీన్ని పెంచలేదు.

దిగి వచ్చాక ఇంట్లోకి పోలేదామె. మోటారు కొట్టం దగ్గర శీకాయతో తల రుద్దుకుని, చీర మార్చుకుని, అవ్వ ముందు నిలబడింది. అవ్వ వాసన చూసి తల ఊపింది. పూలదండను మాత్రం అమ్మ పారేయలేదు. మోటారు కొట్టం గోడ మీద ఒక రాయి కింద పెట్టింది. పారేయబుద్ధి కాలేదేమో.

మర్నాడు పురుగు జ్వరం నుంచి లేచింది. ఆకలి మీద ఉంటుంది, ముదురాకు బాగా కావాలి. ముదిరిన ఆకు టమోటా గట్టు పక్క సాళ్ళలోనే ఉంది. అమ్మ, నాయన కోసుకొచ్చారు. మోపు విప్పుతూ అమ్మ ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మందు వాసన కొడతాండాదయ్యా."

"యాడో పక్క చేన్లో కొడతా ఉంటారు, గాలికి వస్తాండాది. ఎయ్యి, ఆకలి మీదుండాయి."

పెద్దపురుగు మేసేటప్పుడు ఇంట్లో సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడొస్తుంది. ఆ రోజు అది మొదలై ఆగిపోయింది. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపాయి, మెలికలు తిరిగాయి, నోటి నుంచి పచ్చటి నీళ్ళు కక్కాయి, కుంచించుకుపోయాయి. తట్ట తర్వాత తట్ట. అమ్మ ఆకు ఏరి పారేస్తూ పరిగెత్తింది. అవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని వాకిట్లో కూలబడింది. నీళ్ళకని మోటారు దగ్గరికి పోయిన చిన్నాయన గోడ మీది వాడిన దండ పట్టుకుని వచ్చాడు. అవ్వ దాన్ని లాక్కుని వాసన చూసింది.

"ఎవురివే ఈ పూలు?"

అమ్మ చేతిలోని ఆకు కింద పెట్టింది.

"నిన్ను మహాలక్ష్మి అనుకుంటి గదే! కొంప ముంచితివి గదే! కొండెక్కి సింగారించుకుని వచ్చి నా పురుగుల మీద పడితివి గదే!"

అప్పుడు అమ్మ నాయన వైపు చూసింది. నాయన గట్టు అవతలి టమోటా చేను వైపు చూశాడు. చిన్నాయన మధ్యలో నిలబడి ఉన్నాడు. నాయన నోరు తెరిస్తే రెండు మాటలు చెప్పాలి. పూలు నేనే పెట్టినా, మందు నేనే కొట్టినా. ఆ రెండిట్లో ఒక్కటి కూడా ఆయన చెప్పలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గుంత తవ్వడానికి పార కోసం పోయాడు. పురుగులను ఆ గుంతలో పోసి, సున్నం చల్లి మట్టి కప్పారు.

ఆ రోజు నుంచి అమ్మకు పురుగులిల్లు లేదు. తర్వాతి పంటకు అవ్వ పీట మీద నుంచి లేచి తలుపుకు అడ్డం నిలబడింది. అమ్మ ఆకు తరిగి గంప వాకిట్లో పెట్టి వెనక్కి వచ్చేది. లోపల పురుగులు మేస్తున్న చప్పుడు వింటూ కొంచెంసేపు గోడ పక్కన నిలబడేది. చుట్టాల్లోకి మాట పాకింది. పెళ్ళిళ్ళలో పూలు పంచే పళ్ళెం అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు, "ఈమెకి సూసి ఇయ్యండమ్మా, ఇంట్లో పురుగుందేమో కనుక్కోండి" అని నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. నవ్వుతూనే తల పక్కకు తిప్పుకునేది. పురుగుల పెంపకమే మానేసి, ఆ కొట్టంలో టమోటా క్రేట్లు పేర్చాక, అవ్వ కూడా పోయాక, అన్నదమ్ములు వేరుపడి చిన్నాయన కలికిరికి వెళ్ళిపోయాక కూడా తిప్పుకుంది.

నాయన ప్రతి శుక్రవారం మదనపల్లె టమోటా మార్కెట్టు నుంచి వస్తూ ఆకులో చుట్టిన మల్లెలు, కనకాంబరాలు తెచ్చేవాడు. అరుగు మీద కూర్చుని పొట్లం చాచేవాడు. అమ్మ తల పక్కకు తిప్పి, చేత్తో మాత్రం తీసుకునేది. వాటిని దేవుడి పటానికి వేసేది, గడపకు పెట్టేది, ఆవుదూడ మెడలో కట్టేది, మిక్సీ మీద పెట్టేది, నా సైకిలు హ్యాండిలుకు చుట్టేది. తన తల ఒక్కటి తప్ప ఇంట్లో అన్నిటికీ పూలు దక్కాయి. నాయన మళ్ళీ శుక్రవారం తెచ్చేవాడు. బయటివాళ్ళకు అది ప్రేమలా కనిపించేది. నాకూ చాలాకాలం అలాగే కనిపించింది.

నేను కెమిస్ట్రీ చదివి, బెంగుళూరులో కూరగాయల్లో మందుల అవశేషాలు కొలిచే ల్యాబులో చేరాను. ఒకరోజు మా సీనియరు ఏ మందు ఏ కీటకంలో ఎలా పనిచేస్తుందో చెబుతూ, పట్టుపురుగు విషం పడ్డ ఆకు మేస్తే తల ఊపుతుందని, పచ్చగా కక్కుతుందని, కుంచించుకుపోతుందని అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళాను. మల్లెపూలు తగిలితే పురుగు అలా చావదు. అవ్వకు అది తెలియకపోవడంలో తప్పు లేదు. ఆమె వాసనలన్నిటినీ ఒకే గాట కట్టింది. కానీ ఇంట్లో ఇద్దరికి తెలుసు, మందు కొట్టిన నాయనకు, ఆకు వాసన చూసిన అమ్మకు.

అమ్మ చివరి రోజుల్లో కుప్పంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు అడిగాను. నాయన మందులు తేవడానికి బయటికి పోయాడు.

"అమ్మా, ఆ పొద్దు నీకు తెలుసు గదా?"

దేని గురించి అని ఆమె అడగలేదు.

"ఆకు నా సేతిలోనే గదప్పా ఉన్నింది."

"మరి యాల చెప్పలేదు?"

"నేను సెప్తే ఏమౌతాది? మీ చిన్నాయన ముందర ఆయన తల కింద పడతాది. ఇల్లు ఆ పొద్దే రెండయ్యేది." కిటికీ వైపు చూస్తూ, "ఆయనే సెప్తాడని సూసినా" అంది. ఇల్లు ఎటూ రెండయిందని నేను అనలేదు. ఆమె నాకంటే ముందే ఆ మాట అనుకుని ఉంటుంది.

సంవత్సరీకం అయిన మర్నాడు నాయన తనంతట తానే, "కొండకి పోదామా అప్పా?" అన్నాడు. మొదటి వాన పడి వారమైంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. కొండ మీదైనా చెబుతాడనుకున్నాను. ఏం చెబుతాడో, ఎలా మొదలుపెడతాడో, నేనేం అనాలో రాత్రంతా వరసగా పేర్చుకున్నాను.

ఇప్పుడు సగం దాకా సిమెంటు మెట్లున్నాయి. కలే పొదలకు చిప్స్ కవర్లు వేలాడుతున్నాయి. రేల పూసింది, పాలకొడిశ పూసింది. నేను పేర్లు మనసులో చదువుకుంటూ ఎక్కాను, అడిగేవాళ్ళు లేరు. నాయన నా భుజం పట్టుకుని నెత్తిబండ చేరాడు. గుంటలో నీళ్ళున్నాయి. అడవిమల్లె చాలావరకు పోయింది, ఒక పొద మిగిలింది. చాలాసేపు ఆయాసం తీర్చుకుని, దాని వైపే చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు నేను మీయమ్మకి పూలు పెట్టకుండా ఉండాల్సింది."

నేను ఆయన వైపు తిరిగాను.

"నేనే పెట్టినా. ఆమె వద్దనింది. నేను ఇనలేదు. ఆ పూల దెబ్బకే గదా పురుగు పాయ. పాపం, నా తప్పు ఆమె మోసింది."

ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవి. అదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. రెండు మాటల్లో చిన్నదాన్ని ఇన్నేళ్ళకు పైకి తెచ్చి, పెద్దదాని మీద కప్పుతున్నాడు.

"నాయనా, పురుగు పూలకి సావలేదు. ఆకు మీద మందు పడింది. నువ్వు కొడతా ఉండగా నేను సూసినా."

"ఎవురు సెప్పినారు? మీయమ్మా?"

"అమ్మ చెప్పలేదు."

"సెప్పదు" అన్నాడు నాయన. కాసేపటికి, "సెప్పదు ఆమె" అని మళ్ళీ అన్నాడు, మెచ్చుకుంటున్నట్టుగా. తర్వాత లేచి, పొద దగ్గరికి పోయి పూలు కోయడం మొదలుపెట్టాడు. పటానికని. నేను సాయం చేయలేదు, వద్దని కూడా అనలేదు.

ఇంటికి పోగానే మేకు మీది పటం తీసి కారులో పెట్టాను. ఎక్కడికని నాయన అడగలేదు, వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. స్టూడియో కుర్రవాడు పటం చూసి భయపడ్డాడు.

"ఏమన్నా, రంగు దిగిందా?"

"లేదు. పూలు తీసెయ్."

"పూలా? అందరూ పెట్టమంటారన్నా, తీయమన్నోళ్ళని నేను సూడలేదు. ముత్తైదువ గదా. మీ నాయనే దగ్గర కూసోని పెట్టించినాడు." కంప్యూటరులో అమ్మ ముఖం తెర నిండా తెరిచి, మౌసు మీద వేలు పెట్టి, స్టూలు మీద కూర్చున్న నాయన వైపు తిరిగాడు. "ఏంప్పా పెద్దాయనా, తీసేసేదా?"

కోసిన అడవిమల్లెలు నాయన తువ్వాలు కొంగులో మూటగా ఉన్నాయి. వాడిపోతున్న వాసన ఏసీ గది నిండా ఉంది. కుర్రవాడు ఎదురుచూశాడు. నేనూ ఎదురుచూశాను. తెర మీంచి అమ్మ సూటిగా ఆయన వైపే చూస్తోంది.

నాయన తల పక్కకు తిప్పుకున్నాడు.